బంక చలవ

మా ఆటలో ఎవరూ ఎవరినీ తాకరు.

మనుషులు నిజంగా కొట్టుకునే బాక్సింగ్‌ను నా చిన్నప్పుడే నిషేధించారు. ముక్కులు పగులుతున్నాయి, తలలు పాడవుతున్నాయి అన్నారు. దాని బదులు వచ్చిన ఆటకు కాగితాల మీద పేరు నిరపాయ ముష్టియుద్ధం. అంత పేరు పలికే ఓపిక లేక జనం ‘చాలు పోటీ’ అన్నారు, అదే స్థిరపడింది. రెండు గాజు గదులు ఎదురెదురుగా ఉంటాయి. ఒక్కో గదిలో ఒక్కో మనిషి, ఒంటి నిండా తొడుగు. నేను గాలిలో గుద్దుతాను. ఎదుటి గదిలో మనిషి తప్పుకుంటే సరే. తప్పుకోకపోతే ఆ గుద్దు ఎంత బలమైనదో అంత నొప్పిని ఆవిడ తొడుగులోని తీగలు పుట్టిస్తాయి. ఎముక విరగదు, చర్మం కందదు, నొప్పి మాత్రం అసలైనది. తలకీ గుండెకీ పొట్టకీ తీగలు వెళ్ళకూడదని చట్టం. కాబట్టి దవడ మీద గుద్దినా డొక్కలో గుద్దినా ఆ నొప్పి మోచేతుల కిందా మోకాళ్ళ కిందా తెలుస్తుంది. మార్కులు లేవు. ఎవరు ముందు ‘చాలు’ అంటే వాళ్ళు ఓడినట్టు. ఆ ఒక్క మాట కోసం గొంతు దగ్గర చిన్న మైకు పెడతారు. గదిలోంచి బయటికొచ్చి ఎదుటి మనిషిని తాకడం ఒక్కటే క్షమించని నేరం. తాకినవాళ్ళు ఇక జన్మలో తొడుగు వేసుకోలేరు.

ఈ ఆటలో నేను పదకొండు నెలలు ఛాంపియన్‌ని. మొద్దు అంటే అందరికీ తెలుసు. ఆ పేరు మా వదిన పెట్టింది.

అంతకు ముందు తొమ్మిదేళ్ళు బూట్ల ఫ్యాక్టరీలో, బంక గదిలో పని చేశాను. కాలం ఎంత ముందుకు పోయినా, బస్సులకు డ్రైవర్లు అక్కర్లేకపోయినా, బూటు అడుగుకు బంక రాయడానికి మాత్రం మనిషి చెయ్యే కావాలి. యంత్రం కంటే మేం చవక. గదిలో పన్నెండు బల్లలు, బల్లకో రేకు డబ్బా, డబ్బాలో బంక, చేతిలో కుంచె. కిటికీకి ఒక ఫ్యాను ఉండేది. దాన్ని తిరగేసి బిగించారు, గాలిని బయటికి లాగాల్సింది లోపలికి తోసేది. తొమ్మిదేళ్ళలో అందరం చూశాం, ఎవరం అడగలేదు. మొదటి ఏడు తలనొప్పి వచ్చేది. రెండో ఏడుకు ఆ వాసన అలవాటై, సెలవు రోజున ఏదో వెలితిగా ఉండేది. ఐదో ఏడు వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. ఎనిమిదో ఏడుకు చేతులు మోచేతుల దాకా, కాళ్ళు మోకాళ్ళ దాకా. విప్పడానికి వీల్లేని మేజోళ్ళు తొడుక్కున్నట్టు ఉండేది.

వదిన అదే ఫ్యాక్టరీలో, మేడ మీద కుట్టు మిషన్ల హాల్లో పని చేసేది. మా అన్న ఇంకో ఊళ్ళో ఇంకో సంసారం పెట్టాక అందరూ ఆమెను పుట్టింటికి పొమ్మన్నారు. “ఆడబిడ్డ అర్ధమొగుడంటారుగా. పూర్తి మొగుడు ఎలాగూ పనికిరాలేదు, ఈ సగంతో సరిపెట్టుకుంటా” అని నాతోనే ఉండిపోయింది. రెండు గదుల ఇల్లు, ఇద్దరం. ఒక ఆదివారం పొద్దున పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళ గిన్నెను వట్టి చేతులతో పట్టుకుని, వదినతో ఏదో చెబుతూ, స్నానాల గది దాకా నడిచాను. వదిన కేక పెట్టింది. నాకెందుకో అర్థం కాలేదు. గిన్నె దించి చూసుకుంటే అరచేతులు పొక్కిపోయి ఉన్నాయి.

“చీమ కుట్టినట్టైనా లేదు వదినా” అన్నాను.

“మొద్దు మొహమా” అంటూ ఏడ్చింది. ఆ రోజు నుంచి ఆ పేరే.

డాక్టరు చేతులు అటూ ఇటూ తిప్పి చూశాడు. “బంక మానేస్తే స్పర్శ తిరిగి వస్తుంది, నెలకో గోరంత చొప్పున. మానకపోతే ఇంకో రెండు మూడేళ్ళకి ఇక రాదు” అన్నాడు. “మానేసి ఏం చేస్తుందండీ?” అని వదిన అడిగింది. ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు.

వారం తిరక్కుండా వదిన ఒక కరపత్రం తెచ్చి నా ముందు పెట్టింది. చాలు పోటీకి కొత్తవాళ్ళు కావాలట. గెలిచినవాళ్ళకి నెలనెలా జీతం, ఇంకో పని చేయక్కర్లేదు.

“నాకు గుద్దడం రాదు వదినా.”

“గుద్దడం ఎవరికి కావాలే? నిలబడటం వచ్చుగా. తొమ్మిదేళ్ళు నిలబడ్డావు. వాళ్ళు కొడతారు, నీకు తెలీదు. వాళ్ళే విసిగి చాలంటారు.”

“అది మోసం కదా?”

“నీ చేతులు తీసుకోవడం మోసం కాదా?” అంది వదిన. నేను కరపత్రం మడిచి దాచుకున్నాను.

నొప్పి తెలియనివాళ్ళు దూరకుండా పోటీకి ముందు ఒక పరీక్ష పెడతారు. కళ్ళకు గంతలు కట్టి, చేతులు బల్ల మీద చాపమంటారు. ఒక పెద్దావిడ సన్నటి సూదితో అక్కడక్కడా పొడుస్తుంది. పొడిచినప్పుడల్లా ‘ఆఁ’ అనాలి. ఆవిడను అందరూ సూదమ్మ అనేవాళ్ళు. మొదటిసారి వదిన ఒక్కతే వెళ్ళి, వేరేవాళ్ళ పరీక్ష చూసి వచ్చింది. సూదమ్మ ప్లాస్టిక్ ఏప్రన్ కట్టుకుంటుందట. పొడవడానికి వంగినప్పుడల్లా అది గరగరమంటుందట. ఇక మా వంటగదిలో సాధన మొదలైంది. వదిన రెయిన్‌కోటు వేసుకుని, కుట్టుసూది పట్టుకుని నా ఎదురుగా కూర్చునేది. నేను కళ్ళు మూసుకుని ఆ గరగర కోసం చెవులు రిక్కించేదాన్ని. మండుటెండల్లో ఆమె రెయిన్‌కోటుతో ఇల్లంతా తిరుగుతుంటే పక్కింటావిడ “మీ ఇంట్లోపల వాన పడుతోందా?” అని అడిగింది.

పరీక్ష గట్టెక్కింది. ఒకటి గెలిచాను, రెండు గెలిచాను, ఏడు గెలిచాను. ఎలా గెలిచానో చెప్పడానికి పెద్ద కథ లేదు. నిలబడ్డాను. తప్పుకోవడం కూడా నేర్చుకోలేదు, అవసరం ఏముంది? ఎదుటి గదిలో వాళ్ళు పళ్ళు బిగించేవాళ్ళు, వంకర్లు తిరిగేవాళ్ళు, చివరికి ఆ మాట అనేవాళ్ళు. నేను నిమ్మకు నీరెత్తినట్టు బయటికి వచ్చేదాన్ని. పత్రికలవాళ్ళు నా ఓర్పును పొగిడారు. బూట్ల ఫ్యాక్టరీ అమ్మాయి ఛాంపియన్ల కొంప ముంచుతోందని రాశారు. ఊరు ఊరంతా నా పక్షమే. అవన్నీ వదిన చదివి వినిపించేది. నేను సరే అనేదాన్ని.

ఎనిమిదోది మేస్త్రమ్మతో. పగలు గోడలు కట్టే మనిషి, యాభై దాటిన మనిషి. పందొమ్మిదేళ్ళ ఆటలో ఒక్కసారి కూడా చాలు అనలేదు. ఆమె గుద్దులు చూస్తే ఇటుక మీద ఇటుక పెడుతున్నట్టు ఉంటాయి, తొందర లేదు, వృథా లేదు. నేనూ గుద్దాను, తొమ్మిదేళ్ళు కుంచె పట్టిన చెయ్యి కాబట్టి బలానికి లోటు లేదు. పావుగంటకు ఆమె గడ్డం నుంచి చెమట కారడం మొదలైంది. అరగంటకు మోకాళ్ళు వణకసాగాయి. సరిగ్గా ఆ సమయంలో నేను ఇంట్లో నీళ్ళ పంపు కట్టానా లేదా అని ఆలోచిస్తున్నాను. నలభై ఒకటో నిమిషంలో మేస్త్రమ్మ ‘చాలు’ అంది. వడ్డించేవాళ్ళతో అన్నట్టు, మెల్లగా, మర్యాదగా.

తర్వాత నడవలో నా దగ్గరికి వచ్చింది. నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా తొణికిపోతోంది.

“చేతులు బాగా మండుతున్నాయా అమ్మా?” అని అడిగింది.

“అవునండీ.”

“ఇంటికెళ్ళి గోరువెచ్చటి నీళ్ళలో పెట్టుకో. చల్లనీళ్ళు వద్దు, ఇంకా సలుపుతాయి.”

సరేనండీ అన్నాను. సిగ్గు పడాల్సిన చోటు అది. పడలేదు. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు, ఆ సంగతి దాచడం ఎందుకు?

ఛాంపియన్ అయ్యాక బంక గది మానేశాను. వదిన ఆ రోజు నా పాత పని బట్టలు నాలుగు ముక్కలుగా చింపి పారేసింది. ఏడు నెలలు హాయిగా గడిచాయి, అంటే ఏమీ లేకుండా గడిచాయి. ఎనిమిదో నెలలో ఒక పొద్దున మొహం కడుక్కుంటుంటే మోచేతి కింద చన్నీళ్ళు చల్లగా తగిలాయి. ముందు భయపడి చెయ్యి వెనక్కి లాగేశాను. మళ్ళీ పెట్టాను. చల్లగానే ఉంది. వదినను పిలవబోయి నోరు మూసుకున్నాను. ఇంకో మూడు నెలల్లో బిరుదు నిలబెట్టుకునే పోటీ. అప్పటికి మణికట్టు దాకా వస్తే? దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

ఎవరైనా ఇలాంటి పని చేస్తారా అంటే, నేను చేశాను. మధ్యాహ్నాలు వ్యాయామశాలకని చెప్పి, బంక గదికి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. ఫోర్‌మన్ నన్ను చూసి పొంగిపోయాడు. “ఇంత పేరొచ్చినా పాత స్నేహం మరవలేదండీ మేడమ్” అని తన కుర్చీ తెచ్చి పన్నెండు డబ్బాల మధ్య వేయించాడు. అందరూ నాతో ఫోటోలు దిగారు. నేను నవ్వుతూ కూర్చుని, రోజుకు రెండు గంటలు, ఆ గాలి గుండెల నిండా పీల్చుకునేదాన్ని. ఊరంతా నన్ను మంచిదాన్నని చెప్పుకుంది.

నా పాత బల్ల దగ్గర కొత్తగా ఒక పిల్ల చేరింది, ఇరవై రెండేళ్ళది. కుంచె ఆడినంతసేపూ నోరు ఆడుతుంది, అందుకని పిచ్చుక అనేవాళ్ళు. నన్ను చూస్తే దానికి కాలు నిలవదు. రోజూ ఒకటే ప్రశ్న. “ఎలా ఓర్చుకుంటావక్కా? మాకూ చెప్పొచ్చుగా?”

ఒక రోజు పొగడ్త తలకెక్కింది. “ఓర్చుకోవడానికి ఏముందే? అంతా బంక చలవ” అన్నాను, చెయ్యి ఎత్తి వేళ్ళు ఆడించి చూపిస్తూ. అందరూ నవ్వారు. పిచ్చుక నవ్వలేదు. తన వేళ్ళ వంక చూసుకుంది. అది నేను గమనించాను, ఆ తర్వాత మర్చిపోయాను.

వదిన మాత్రం వాసన పట్టింది. ఒక సాయంత్రం జడ విప్పుకుంటుంటే వెనక నుంచి వచ్చి జుట్టు వాసన చూసింది. నా ముందుకొచ్చి నిలబడి, “ఎన్నాళ్ళ నుంచి?” అంది. చెప్పాను. తిడుతుందనుకున్నాను. గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది.

“నువ్వు గెలవాలని పంపాననుకున్నావా నిన్ను? ఆ గదిలోంచి నిన్ను బయటికి లాగడానికి నాకింకో దారి కనిపించలేదే. ఆ చేతులు నీకు తిరిగి రావాలని రెయిన్‌కోటు వేసుకుని గంతులేశాను. నువ్వేమో నీ కాళ్ళతో నువ్వే లోపలికి నడిచావు.”

“ఈ ఒక్క పోటీ అయ్యాక మానేస్తాను వదినా.”

“ఊఁ” అంది వదిన. ఆ ‘ఊఁ’లో నమ్మకం లేదు.

ఆ ఒక్క పోటీ జరగలేదు. పరీక్ష రోజు కళ్ళకు గంతలు కట్టారు. ఏప్రన్ గరగరమంది. ‘ఆఁ’ అన్నాను. మళ్ళీ గరగర, మళ్ళీ ‘ఆఁ’. ఏడుసార్లు అన్నాను. ఎనిమిదోసారి గరగర రాలేదు, గంతలు విప్పారు. సూదమ్మ బల్లకు అవతల, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. సూది పళ్ళెంలో, కాగితపు కవరులోనే ఉంది. కవరు ఇంకా చింపలేదు.

“మేస్త్రమ్మ చెప్పింది” అంది సూదమ్మ. “నొప్పి ఎంత దాచుకున్నా రెప్పల దగ్గర తెలుస్తుందట. నీ రెప్పల దగ్గర ఏమీ లేదంది. నేనే నమ్మలేదు.”

విచారణలో ముగ్గురు పెద్దమనుషులు ఎప్పటి నుంచి ఇలా అని అడిగారు. మొదటి నుంచీ అంటే జీవితాంతం వెలి. ఈ ఒక్కసారే, ఈ మధ్యే తిమ్మిరి పట్టిందంటే రెండేళ్ళు. ఈ ఒక్కసారే అన్నాను. బిరుదు లాక్కుని మేస్త్రమ్మకు ఇవ్వబోయారు. ఆవిడ వద్దంది. “ఆ రోజు నేను చాలన్నానుగా. అన్నదాన్ని అనలేదని ఎలా తీసుకుంటాను?” అందట. నా ఒక్క అబద్ధం వల్ల ఆమె పందొమ్మిదేళ్ళకు, గెలుపోటములు రాసే పుస్తకంలో, ఆ మచ్చ అలాగే ఉండిపోయింది.

ఫోర్‌మన్ నా ఫోటోలు గోడ మీంచి దింపించి, పాత బల్ల కావాలంటే ఇస్తానని కబురు పెట్టాడు. వదిన ఆ కబురు తెచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపేసింది. నేను బస్సుల డిపోలో చేరాను. బస్సులు తమంతట తామే వచ్చి వరసలో నిలబడతాయి. వాటికి ఒళ్ళు రుద్దడం మాత్రం మనిషే చేయాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొట్టం, చీపురు, సబ్బునీళ్ళు. ఎక్కినవాళ్ళు కొందరు అద్దంలోంచి చూసి గుర్తుపట్టి ‘దొంగ’ అనేవాళ్ళు. మాట వినిపించేది కాదు, పెదాలను బట్టి తెలిసేది. బాధ కలగలేదు. చాలా రోజులు ఏదీ కలగలేదు. తిన్నాను, కడిగాను, పడుకున్నాను.

చేతులు మాత్రం నన్ను అడగకుండా తిరిగి వచ్చాయి. వస్తూ వస్తూ కారం పూసినట్టు మండాయి. సబ్బునీళ్ళు తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఒక రోజు ఆ మంట ఆగక, ఇంటికొచ్చి చేతులు గోరువెచ్చటి నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాను. నిజంగానే తగ్గింది. మేస్త్రమ్మ అబద్ధం చెప్పలేదు. అప్పుడొచ్చింది ఏడుపు, రెండేళ్ళు ఆలస్యంగా. వదిన ఏమీ అడగకుండా పక్కన కూర్చుని కూర తరిగింది.

నాకు ఒక్కటే కోరిక మిగిలింది. నొప్పి తెలిసిన చేతులతో మేస్త్రమ్మ ఎదురుగా ఒక్కసారి నిలబడాలి. ఆవిడ ముందు నేను చాలు అనాలి.

వెలి తీరగానే మళ్ళీ పేరు ఇచ్చాను. నేను మెట్లు దిగుతుంటే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మొదటి గుద్దు తగిలినప్పుడు చెయ్యి విరిగిందనే అనుకున్నాను. అమ్మా అన్నాను, అది లెక్కలోకి రాదు. మూడు నిమిషాలకు చాలన్నాను. ముప్పై నాలుగేళ్ళ వయసులో తప్పుకోవడం నేర్చుకున్నాను, వంగడం, పక్కకు జరగడం, ఊపిరి దాచుకోవడం. రెండు ఓడాను, ఒకటి గెలిచాను, ఒకటి ఓడాను. ఆ తర్వాత వరసగా ఐదు గెలిచాను. తెచ్చుకున్న నొప్పిని ఇంటికి మోసుకెళ్ళి వదినకు చూపించేదాన్ని. “ఇక్కడ, ఇక్కడ కూడా” అంటే, “సంబడమే” అనేది గానీ మొహం వెలిగేది. ఖాళీగా ఉన్న బిరుదు కోసం పెట్టిన పోటీల్లో అవతలి వైపు నుంచి మేస్త్రమ్మ కూడా ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తోంది. చివరికి మా మధ్య ఒక్క ఆట మిగిలింది. అది గెలిస్తే ఆవిడ ఎదురుగా నేను.

ఆ ఆట పిచ్చుకతో.

ఆ పేరు జాబితాలో చూసి ఎవరో అనుకున్నాను. నడవలో చూశాను. వీపు మీద బూట్ల ఫ్యాక్టరీ ముద్ర, వెనకే ఫోర్‌మన్, మెడలో ఈల. ఆయన ఇప్పుడు కోచ్ అట. ఫ్యాక్టరీ నుంచి ఆరుగురు దిగారట, ఆరుగురూ బంక గదివాళ్ళే. నా గొడవ తర్వాత సూదమ్మను ఇంటికి పంపేసి, ఆమె స్థానంలో ఒక పెట్టె పెట్టారు. అది భుజం దగ్గర నరం చూసి పచ్చదీపం వెలిగిస్తుంది. బంక మోచేతి దాకానే తింటుందని పెట్టెకి ఎవరు చెబుతారు?

“అక్కా!” అని పరిగెత్తుకొచ్చింది పిచ్చుక. “నీ మాటే పట్టుకున్నానక్కా. అంతా బంక చలవ.”

“ఎక్కడి దాకా వచ్చిందే?”

“మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా” అంది గర్వంగా. “ఫోర్‌మన్ సార్ మాకు రోజూ రెండు పూటలా అక్కడే సాధన పెట్టాడు. ఫ్యాను కూడా తీసేశారు.”

“మానెయ్యవే. నేను చెప్పింది తప్పు. చేతులు పోతాయి.”

“ఈ ఒక్క పోటీ అయ్యాక మానేస్తాను అక్కా” అంది. నేను వదినతో అన్న మాట అక్షరం పొల్లుపోలేదు.

పెద్దమనుషుల బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పాను. గుమాస్తా పుస్తకంలోంచి తల ఎత్తలేదు. “పెట్టె పచ్చదీపం వెలిగించింది. అయినా నువ్వా ఫిర్యాదు చేసేది? దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది” అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. తప్పు పట్టను, నేనైనా నవ్వేదాన్ని.

ఆట మొదలైంది. పిచ్చుకకు గుద్దడం బాగానే వచ్చు. ఒక్కోటీ తగిలితే ముంజేతుల్లో వేడి కడ్డీ దూర్చినట్టుంది. తప్పుకున్నాను, తప్పుకోలేకపోయాను, పళ్ళు బిగించాను. నావీ తగిలాయి. అది మాత్రం నా భుజం మీదుగా గోడ గడియారం వైపు చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ఇంట్లో పంపు గురించి ఆలోచించే చూపు అది. ఆ రోజు మేస్త్రమ్మకు నా మొహం ఎలా కనిపించి ఉంటుందో అప్పుడు చూశాను, ఎదురుగా నిలబడి. నాకు కోపం వచ్చింది, దాని మీద కాదు.

పన్నెండో నిమిషంలో అది పక్కకు దూకినప్పుడు నేల పలకల మధ్య సందులో మడమ ఇరుక్కుంది. అడుగు వేసింది. కుడి పాదం పక్కకు మడత పడి, చీలమండ నేలకు ఆనింది. పిచ్చుక ఆ కాలి మీదే నిలబడి గుద్దింది. ఇంకో అడుగు వేసింది, దాని మీదే. మొహంలో ఏమీ లేదు. లావుపాటి తొడుగులో కాలు ఎవరికీ తెలియడం లేదు. నాకు తెలిసింది, రెండేళ్ళ కిందటి దాకా నేనూ అలాగే నడిచాను కాబట్టి.

“దాని కాలు చూడండి” అన్నాను మైకులో.

“చాలు అంటున్నారా?” అంది పైనుంచి గొంతు.

“కాలు విరుగుతోంది, ఆపండి.”

“చాలు అంటేనే ఆపుతాం.”

ఆ మాట అనడానికి ఎంతసేపు? అంటే ఆట ఆగుతుంది, పిచ్చుక గెలుస్తుంది. కాలికి కట్టు కడతారు, కట్టుతోనే రేపు బంక గదికి తీసుకెళ్ళి కూర్చోబెడతారు. నన్ను లాగడానికి వదిన ఉంది. దానికి ఉన్నది ఫోర్‌మన్. అనకుండా నిలబడితే కాలు ముక్కలవుతుంది. మూడో దారి ఒకటే. అటు వెళ్తే మేస్త్రమ్మ ఎదురుగా నిలబడే రోజు ఇక ఎప్పటికీ రాదు. అది తెలిసే వెళ్ళాను. చాలా బాధేసింది. ఈసారి ఆ బాధ ఆలస్యంగా రాలేదు.

నా గది తలుపు తీసుకుని, మధ్య ఖాళీ దాటి, దాని తలుపు తీశాను. హాలంతా ఒక్కసారి లేచింది. పిచ్చుక చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

“ఏంటక్కా ఇటొచ్చావు? తాకితే వెలి! వెళ్ళిపో, నీ గదికి వెళ్ళిపో!” నా కోసం కంగారు పడుతోంది పిచ్చిది.

చంకల కింద చేతులు వేసి ఎత్తి కింద కూర్చోబెట్టాను. దాని కుడి చేతి తొడుగు లాగేశాను. వేళ్ళ సందుల్లో ఎండిన బంక, అరచేతిలో ఎప్పటిదో ఒక గాయం, చీము పట్టి ఉంది. చూసుకున్నట్టు లేదు. ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. గొంతు దగ్గర మైకు ఇంకా పని చేస్తూనే ఉంది.

“నాకూ మొదటి నుంచీ ఇంతే” అన్నాను. నా గొంతు హాలు నాలుగు మూలల నుంచీ నాకే వినిపించింది. “ఈ ఒక్కసారే అని ఆ రోజు అబద్ధం చెప్పాను. మేస్త్రమ్మతో నలభై ఒక్క నిమిషాలు నిలబడింది నేను కాదు, బంక. ఆవిడ ఓడిపోలేదు. పుస్తకంలో కొట్టేయండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆరుగురినీ సూదితో చూడండి, పెట్టెతో కాదు. ముందు ఈ పిల్ల కాలు చూడండి.”

పెద్దమనుషులు మెట్లు దిగి పరిగెత్తుకొస్తున్నారు. ఫోర్‌మన్ ఈల ఊదుతున్నాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. పిచ్చుక వాళ్ళందరినీ చూస్తోంది, తలుపు వైపు చూస్తోంది, తన గెలుపు ఎటు పోయిందో వెతుక్కుంటోంది. నేను దాని చెయ్యి వదల్లేదు. నా బలమంతా పెట్టి నొక్కాను. వేళ్ళు తెల్లబడే దాకా నొక్కాను. నా వేళ్ళే నొప్పి పుట్టాయి.

చాలాసేపటికి పిచ్చుక తల దించి చూసింది.

“నా చెయ్యి పట్టుకున్నావా అక్కా?” అంది. “ఎప్పట్నుంచి?”